అరచేతి కంప్యూటర్‌లో కచేరీ

బెంగళూరు జాలహళ్లిలోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1954లో మొదలైంది. సైన్యానికి రాడార్లు, వైర్‌లెస్ సెట్లు చేసే ఈ కర్మాగారం ఒకప్పుడు రేడియోలకు వాల్వులు కూడా చేసేది. వాల్వు యాంప్లిఫయర్లు సొంతంగా బిగించుకునేవాళ్లు ఇప్పటికీ ‘బెల్’ ముద్ర ఉన్న పాత వాల్వుల కోసం వెతుకుతుంటారు.  ఆ వరసలో చెప్పుకోవలసిన మరో పేరు అల్లో. రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్‌కు తగిలించే ఆడియో బోర్డులు చేసి దేశదేశాలకు అమ్మిన బెంగళూరు సంస్థ ఇది. బాస్, పియానో, డిజివన్, కటానా అన్న దాని బోర్డుల పేర్లు హైఫై పిచ్చి ఉన్నవాళ్లలో చాలామందికి పరిచయమే.

రాస్ప్‌బెర్రీ పై 2012 ఫిబ్రవరి 29న బ్రిటన్‌లో విడుదలైంది. బడి పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడం దాని ఉద్దేశం, అప్పటి ధర 35 డాలర్లు. సంగీతం వినేవాళ్లకు అది నచ్చడానికి కారణాలు వేరు. ఏటీఎం కార్డంత బోర్డు. రొద చేసే ఫ్యాను లేదు, రోజంతా నడిచినా కరెంటు పెద్దగా కాలదు. సీడీ పాటంటే సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కోటి 16 బిట్లు, ఎడమకూ కుడికీ కలిపి 14,11,200 బిట్లు. ఇంత చిన్న కంప్యూటర్‌కు కూడా ఇదొక లెక్క కాదు. అంకెలు చదివి పంపడం సులువే. చిక్కల్లా వాటిని వేళకు పంపడంలోనూ, కరెంటు రొద అంటకుండా పంపడంలోనూ ఉంది.

తొలి మోడళ్లలో ఇయర్‌ఫోన్ రంధ్రం ఉండేది. దాని వెనక అసలైన డీఏసీ, అంటే అంకెల్ని ధ్వని తరంగంగా మార్చే చిప్పు, లేదు. విద్యుత్తును వేగంగా ఆపి వదులుతూ శబ్దాన్ని పుట్టించేవారు. వార్తలు వినడానికి సరిపోతుంది కానీ మంద్రస్థాయిలో సాగే వీణకు చాలదు. కాబట్టి హైఫైకి మూడు దారులు: యూఎస్‌బీ తీగతో బయటి డీఏసీకి కలపడం, పై మీదే డీఏసీ బోర్డు బిగించడం, లేదా డిజిటల్ సంకేతాన్ని కోయాక్సియల్ తీగ ద్వారా పాత డీఏసీకి పంపే బోర్డు వాడటం. 2014లో వచ్చిన బీ ప్లస్ మోడల్ నుంచి 40 పిన్నుల వరస స్థిరపడింది. సోల్డరింగ్ అక్కర్లేకుండా బోర్డు మీద బోర్డు నొక్కి కూర్చోబెట్టవచ్చు.

రాస్ప్‌బెర్రీ పైకి ఉన్న అసలు బలహీనత ఇలా బోర్డు బిగించినప్పుడే బయటపడుతుంది. మూడో తరం వరకు దానికి లయ చెప్పే మూల స్ఫటికం 19.2 మెగాహెర్ట్జ్. సీడీ పాటను డీఏసీకి పంపడానికి మామూలుగా వాడే లయ 2.8224 మెగాహెర్ట్జ్. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 6.8 చిల్లర వస్తుంది. పూర్ణాంకం కాదు కనుక పై ఒకసారి కాస్త తక్కువతో, మరోసారి కాస్త ఎక్కువతో భాగించి సగటున సరిపెడుతుంది. సగటు సరిగ్గానే ఉంటుంది, ఒక్కో దెబ్బ మాత్రం కాస్త ముందుకో వెనక్కో పడుతుంది. స్వరం తప్పని గాయకుడు తాళం తప్పినట్టే ఇది.

బాస్ బోర్డును అరచేతిలో పెట్టుకుని చూస్తే దీనికి మందు కనిపిస్తుంది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి పీసీఎం5122 చిప్పుతో పాటు రెండు బుల్లి లోహపు డబ్బీలున్నాయి. అవే గడియారాలు. ఒకటి 45.1584 మెగాహెర్ట్జ్, సరిగ్గా 44,100కి 1,024 రెట్లు. రెండోది 49.152 మెగాహెర్ట్జ్, 48,000కి 1,024 రెట్లు. సీడీ పాటలకు మొదటిది, సినిమా, స్టూడియో రికార్డింగుల కుటుంబానికి రెండోది. లయ చెప్పేది బోర్డు, దాన్ని అనుసరించి అంకెలు అందించేది కంప్యూటర్. డిజివన్‌లో మరో జాగ్రత్త ఉంది. కంప్యూటర్ కరెంటుతో నడిచే భాగాన్నీ, సంకేతం బయటికి వెళ్లే భాగాన్నీ విద్యుత్తుపరంగా విడగొట్టారు. రాస్ప్‌బెర్రీ పై రొద గీత దాటి అవతలికి పోదు.

ఇదంతా అందరికీ అవసరమా? కాదు. మీ దగ్గర మంచి ఎసింక్రనస్ యూఎస్‌బీ డీఏసీ ఉంటే లయ దాని చేతిలోనే ఉంటుంది, పై గడియారం ఎలా ఉన్నా ఫర్వాలేదు. ఫలానా మెమరీ కార్డు వాడితే గొంతు తియ్యనవుతుందని ఎవరైనా చెబితే నమ్మక్కర్లేదు. ఫైలు ఎక్కణ్నుంచి వచ్చినా మెమరీలోకి చేరాక అంకెలు అవే.

సాఫ్ట్‌వేర్‌కు పైసా ఖర్చు లేదు. ఇటలీలో పుట్టిన వొల్యూమియో, ఇంకా మూడ్, పైకోర్‌ప్లేయర్ లాంటివి కార్డులోకి ఎక్కిస్తే చాలు, ఫోనే రిమోట్ అవుతుంది. దిద్దుకోవలసిన సెట్టింగులు రెండే. మధ్యలో ఏ మార్పూ లేకుండా అంకెలు నేరుగా డీఏసీకి వెళ్లాలి. వాల్యూమ్ యాంప్లిఫయర్ దగ్గరే తిప్పుకోవాలి. కంప్యూటర్‌లో ధ్వనిని 6 డెసిబెల్స్ తగ్గించినప్పుడల్లా ఒక బిట్ సూక్ష్మత పోతుంది. 24 బిట్ల డీఏసీలో ఎనిమిది బిట్ల వెసులుబాటుంది కాబట్టి కొద్దిగా తగ్గిస్తే నష్టం లేదు.

ఇక కరెంటు. ఇంట్లో మూలన పడున్న ఫోన్ చార్జర్ పెట్టడం చాలామంది చేసే పని. రాస్ప్‌బెర్రీ పైకి 5 వోల్టులు నికరంగా అందాలి. 4.63 దాకా పడిపోతే అదే హెచ్చరిక ఇస్తుంది. నాలుగో తరానికి 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. సదర్ పత్రప్ప రోడ్డులో, అంటే బెంగళూరువాళ్ల ఎస్‌పీ రోడ్డులో, ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్లు, రెగ్యులేటర్ కొనుక్కొచ్చి లీనియర్ సప్లై స్వయంగా కట్టుకునేవాళ్లూ ఉంటారు. వేసవి వానకు ఉన్నట్టుండి కరెంటు పోయే ఊరు ఇది. మెమరీ కార్డు మీద రాత జరుగుతుండగా కరెంటు పోతే కార్డు చెడిపోవచ్చు. పైకోర్‌ప్లేయర్ మొత్తం ర్యామ్‌లోనే నడుస్తుంది కాబట్టి దానికి ఆ భయం చాలా తక్కువ.

అయితే కర్ణాటక సంగీతం వినే మనలాంటి శ్రోతలకు అన్నిటికన్నా ఎక్కువ శ్రమ, ఎక్కువ ఫలం ఫైళ్లు సర్దుకోవడంలోనే. 1939లో మొదలైన శ్రీరామసేవా మండలి రామనవమికి చామరాజపేట కోట హైస్కూలు మైదానంలో కచేరీలు జరుపుతుంది. అక్కడ కూర్చునే రసికుడు ‘ఈవేళ తోడి ఎవరు పాడతారు’ అని ఆలోచిస్తాడు కానీ ఆల్బమ్ పేరు ఆలోచించడు. ఆన్‌లైన్‌లో పాటలు వినిపించే యాప్‌లు మాత్రం పాటను ఆల్బమ్, ఆర్టిస్టు అన్న గళ్లలోనే పెడతాయి. సొంత భండారంలో ఆ గళ్లు మన ఇష్టం. కంపోజర్ గడిలో వాగ్గేయకారుడు, పెర్ఫార్మర్ గడిలో వయొలిన్, మృదంగం వాయించినవారు, జానర్ గడిలో ‘కర్ణాటక సంగీతం’ అనే బదులు రాగం పేరు. ఇలా తెలుగులోనే నింపితే కాంభోజి నొక్కగానే ఇంట్లో ఉన్న కాంభోజులన్నీ బారులు తీరుతాయి. సీడీల్ని ఫ్లాక్‌లోకి మార్చుకోవడం మంచిది. సైజు దాదాపు సగమవుతుంది, ఒక్క బిట్ పోదు. గంట సీడీ 635 మెగాబైట్లు, ఫ్లాక్‌లో మూడొందల పైచిలుకు. అంటే ఒక టెరాబైట్ హార్డ్‌డిస్కులో సుమారు మూడువేల సీడీలు. రాగం, తానం, పల్లవిని మూడు ట్రాకులుగా కోసిన సీడీని ఫ్లాక్‌లోకి మారిస్తే ఎంపీ3లో వచ్చినట్టు మధ్యలో ఖాళీ రాదు, తానం తెగకుండా సాగుతుంది.

ఈ పద్ధతి విలువ చవకతనంలో లేదు. డీఏసీ, సప్లై, డిస్కు కలిపితే ఖర్చు బాగానే అవుతుంది. విడదీయగలగడంలో ఉంది విలువ. గడియారం నచ్చకపోతే బోర్డు మార్చొచ్చు, సాఫ్ట్‌వేర్ నచ్చకపోతే కార్డు మార్చొచ్చు. హక్కుల గడువు తీరితే యాప్‌లో పాట మాయమవుతుంది, డిస్కులో ఉన్నది పోదు. పోయేదల్లా డిస్కే. పై, డీఏసీ పాడైతే బజారులో దొరుకుతాయి. రాగాల వారీగా ఏళ్ల తరబడి సర్దుకున్న భండారం దొరకదు. కొత్త డీఏసీ మీద మనసు పడ్డప్పుడు ముందు రెండో హార్డ్‌డిస్కు కొనండి.