కాకినాడ నుంచి వెళ్లిన 52 మంది

వ్యాపార చొరవ పుట్టుకతో వచ్చేదా, పాఠంగా చెబితే అబ్బేదా అన్నది పాత వాదమే. దాన్ని వాదంగా వదిలేయకుండా ఒక ఊరి వ్యాపారులకు పాఠం చెప్పి, తర్వాత ఏం జరిగిందో లెక్క కట్టిన పరిశోధన 1964లో కాకినాడలో మొదలైంది. దాన్ని నడిపినవారు హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్, ఆయన సహచరుడు డేవిడ్ వింటర్. మనుషులు కాకినాడవాళ్లే గానీ, పాఠాలు జరిగింది హైదరాబాద్‌లో, చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో. ‘సియెట్’ అని పిలిచే ఆ సంస్థ 1962లో ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చింది. యూసుఫ్‌గూడలోని నేటి జాతీయ ఎంఎస్‌ఎంఈ సంస్థ అదే.

మెక్లెలాండ్ అంతకుముందు 1961లో ‘ది అచీవింగ్ సొసైటీ’ అనే పుస్తకం రాశాడు. దేశాలు ముందుకు పోవడానికీ వెనకబడడానికీ పెట్టుబడి, ముడిసరుకు మాత్రమే కారణం కాదనీ, పనిని మునుపటికన్నా బాగా చేయాలన్న తపన జనంలో ఎంత ఉందో చూడాలనీ ఆయన వాదం. ఆ తపనకు మన పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన పేరు ‘సాధన ప్రేరణ’. దాన్ని కొలవడానికి ఆయన పట్టుకున్న దారి విచిత్రమైనది. 1925 నాటి, 1950 నాటి చిన్నపిల్లల వాచకాలను రకరకాల దేశాల నుంచి తెప్పించి, అందులోని కథల్లో ఆ తపన ఎంత కనిపిస్తోందో మార్కులు వేయించాడు. తర్వాత ఆ మార్కులను ఆయా దేశాల విద్యుత్ వినియోగంలో వచ్చిన పెరుగుదల పక్కన పెట్టి చూశాడు. వాచకం కథలకూ కరెంటుకూ ముడిపెట్టడమేమిటని అప్పుడూ నవ్వారు, ఇప్పుడూ నవ్వుతారు. అయితే దేశాల స్థాయిలో చేసిన ఈ ఊహ నిజమో కాదో తేలాలంటే మనుషుల్లో ఆ తపనను పెంచి చూడాలి కదా. కాకినాడ అవసరం అక్కడ వచ్చింది.

ఎంపికైన 52 మందీ బృందాలుగా హైదరాబాద్ వెళ్లి పది రోజులు అక్కడే ఉన్నారు. ఈ పది రోజుల్లో ఖాతాలు రాయడం గానీ, బ్యాంకు రుణానికి దరఖాస్తు పెట్టడం గానీ ప్రధాన పాఠం కాదు. చేతికి ఒక బొమ్మ ఇచ్చి, దాన్ని చూసి కథ రాయమనేవారు. ఆ కథకు మార్కులు వేసే పద్ధతిని కూడా వాళ్లకే నేర్పి, తమ ఆలోచన ఎటు పోతోందో తామే పట్టుకునేలా చేసేవారు. ఇంకొకటి రింగుల ఆట. నేలలో పాతిన కర్రకు రింగు వేయాలి, ఎంత దూరంలో నిలబడాలో ఎవరికి వారే తేల్చుకోవాలి. కొందరు కర్ర పక్కనే నిలబడతారు, గురి తప్పే ప్రసక్తే ఉండదు. కొందరు ఎక్కడో దూరాన నిలబడి అదృష్టం మీద భారం వేస్తారు. సాధన ప్రేరణ బలంగా ఉన్నవారు మధ్యస్థంగా నిలబడతారు: పడొచ్చు, పడకపోవచ్చు, కానీ పడితే అది తమ నేర్పు వల్లే. వ్యాపారంలో లెక్కచూసి తీసుకునే సాహసం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా చక్కని బోధనోపకరణం వ్యూహశాస్త్రం తరగతుల్లో అరుదు. చివర్న ఎవరికి వారు రాబోయే రెండేళ్లకు తమ వ్యాపారంలో సాధించదలచినదేమిటో కాగితం మీద పెట్టాలి. ఆ తర్వాత దాన్ని ఎంతవరకు చేశారో ఎప్పటికప్పుడు చెప్పాలి.

ఫలితాన్ని మార్కులతో కాక పనులతో కొలిచారు. కొత్త వ్యాపారం పెట్టారా, ఉన్నదాన్ని విస్తరించారా, కొత్త సరుకు వైపు చూశారా అని అడిగారు. శిక్షణ పొందనివారినీ, పక్కనున్న రాజమండ్రి వ్యాపారులనూ పోలికకు పెట్టుకున్నారు. రెండేళ్లు గడిచాక శిక్షణ పొందినవారిలో దాదాపు సగం మంది చురుకైన అడుగులు వేశారు. పోలిక బృందంలో అలా చేసినవారు పావు వంతు. ఈ వివరాలతో 1969లో ‘మోటివేటింగ్ ఎకనామిక్ అచీవ్‌మెంట్’ పుస్తకం వచ్చింది. కులం, పాత ఆచారాలు వ్యాపారికి కాళ్లకు బంధాలని ఆనాటి పండితుల్లో చాలామంది నమ్మకం. ఆచారపరులైనా కాకపోయినా శిక్షణ ఫలితంలో పెద్ద తేడా రాలేదని కాకినాడలో తేలింది.

మన ఎంబీఏ, బీకాం పుస్తకాల్లో ఈ ప్రయోగం ఒక పేరాగా ఉంటుంది. వాటిలో చాలావరకు శిక్షణ మూడు నెలలని రాస్తాయి. ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి అచ్చుతప్పుతో సహా ఎత్తి రాసే అలవాటు వల్లే కాబోలు, పది రోజులు మూడు నెలలయ్యాయి. అదే పేరాలో రాజమండ్రి మాత్రం తరచుగా జారిపోతుంది. నిజానికి పరిశోధన బరువంతా ఆ పోలిక మీదే ఉంది. అది లేకపోతే మిగిలేది శిక్షణ బాగుందని చెప్పుకోవడమే. ఆ రెండేళ్లలో గోదావరి జిల్లాల్లో వ్యాపారం ఎలాగూ పుంజుకుందేమో ఎవరికి తెలుసు?

పరిశోధనలో లోపాలూ ఉన్నాయి. పది రోజులు దుకాణం వదిలి రావడానికి ఒప్పుకున్నవాడిలో చొరవ ముందే కొంత ఉండి ఉంటుంది. శిక్షణ పొందినా కదలనివారు సగం మంది, వారి సంగతి తక్కువగా చర్చకు వచ్చింది. సొంత నిర్ణయం తీసుకునే అధికారం ఉన్నవారిలోనే మార్పు ఎక్కువ కనిపించింది. గల్లాపెట్టె తాళం తండ్రి దగ్గరో అన్న దగ్గరో ఉంటే తపన ఎంతున్నా ఏం లాభం? 1988లో విలియం గార్ట్‌నర్ ఇంకా ముందుకెళ్లి, పారిశ్రామికవేత్త ఎలాంటివాడన్న ప్రశ్నే తప్పనీ, అతడు ఏం చేస్తాడో చూడాలనీ రాశాడు. ఆ తర్వాత పరిశోధన మనస్తత్వం నుంచి పనుల వైపు మళ్లింది.

భారతదేశంలో ఈ ఆలోచన గుజరాత్‌లో వేళ్లూనింది. అక్కడ 1970లో మొదలైన పారిశ్రామికవేత్తల అభివృద్ధి కార్యక్రమాల్లో ప్రేరణ శిక్షణతో పాటు ప్రాజెక్టు తయారీ, రుణం, స్థలం కూడా కలిశాయి. 1983లో అహ్మదాబాద్‌లో భారత పారిశ్రామికవేత్తల అభివృద్ధి సంస్థ (ఈడీఐఐ) ఏర్పడింది.

కాకినాడ ప్రశ్నను చాలా పెద్ద ఎత్తున మళ్లీ అడిగింది పశ్చిమాఫ్రికాలోని టోగోలో. 1,500 మంది చిరువ్యాపారులను లాటరీ పద్ధతిలో మూడు బృందాలు చేశారు. ఒక బృందానికి ఖాతాలు, మార్కెటింగ్ లాంటి మామూలు వ్యాపార పాఠాలు, ఇంకోదానికి చొరవ పెంచే శిక్షణ, మూడోదానికి ఏమీ లేదు. 2017లో ‘సైన్స్’ పత్రికలో ఫలితాలు వచ్చాయి. చొరవ శిక్షణ పొందినవారి లాభాలు, ఏమీ పొందనివారితో పోలిస్తే, 30 శాతం పెరిగాయి. మామూలు పాఠాలు విన్నవారిలో కనిపించిన 11 శాతం పెరుగుదల గణాంక పరీక్షకు నిలవలేదు. టోగోలో పరీక్షించిందీ, కాకినాడ నుంచి చాలావరకు హైదరాబాద్ వెళ్లిందీ అప్పటికే వ్యాపారం ఉన్నవారే. చేతిలో దుకాణం లేనివాడికి ఇదే పాఠం చెబితే ఏమవుతుందన్నది ఈ రెండు పరిశోధనల పరిధిలోకి రాలేదు.