పాత ఆటలకు తాళమేల?

సొత్తును దొంగల నుండి కాపాడుటకు తాళము వేయుట లోకసహజము. అయితే ఆ తాళము ఎవరిని బయట నిలుపుచున్నది, ఎంతకాలము నిలుపుచున్నది, దాని ఖర్చు ఎవరు భరించుచున్నారు అను మూడు ప్రశ్నలు వేసికొనక తాళమును మెచ్చుట తగదు. కంప్యూటరుపై ఆడు వీడియో ఆటల వ్యాపారములో ఈ ప్రశ్నలు నలుబది ఏండ్లుగా వినవచ్చుచున్నవి. 2008లో పోలెండు దేశమునకు చెందిన సీడీ ప్రాజెక్ట్ సంస్థ 'గుడ్ ఓల్డ్ గేమ్స్' అను పేర ఇంటర్నెట్టులో ఒక అంగడి తెరచి, పాత ఆటలను ఏ తాళమును లేకుండ అమ్మసాగినది. తాళము తీసివేసినచో దొంగ ప్రతులు తగ్గునని ఈ పద్ధతిని మెచ్చువారు చెప్పుదురు. పెరుగునని నిరసించువారు చెప్పుదురు. ఈ రెండు మాటలలో దేనికెంత ఆధారము కలదో పరిశీలింపవలసియున్నది.

తాళము స్వరూపము

పుస్తకమును చేతితో నకలు వ్రాయుటకు శ్రమ కలదు. పాటను ఒక టేపు నుండి మరియొక టేపునకు ఎక్కించిన కొలది ధ్వని మసకబారును. కంప్యూటరు ఆట అట్టిది కాదు. అది ఆద్యంతము అంకెల వరుస. ఆ వరుసను తప్పు లేకుండ తిరిగి వ్రాసినచో నకలు మూలముతో సర్వసమానము; వేయవ నకలునకును మొదటి దానికిని భేదముండదు. కావుననే ప్రచురణకర్తలు ఆటలకు నకలు నిరోధకములను జతచేసిరి. 1980 దశకములో ఫ్లాపీలపై కొన్ని భాగములను బుద్ధిపూర్వకముగ లోపముతో తయారుచేసెడివారు. సామాన్య యంత్రము ఆ లోపమును నకలు చేయలేదు. లోపము కనబడనిచో ఆట నడవదు. 1990లో వెలువడిన 'ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్' ఆటతో ఒక అట్టచక్రము నిచ్చిరి. తెరపై కనబడిన ఓడదొంగ ముఖము వచ్చునట్లు చక్రమును త్రిప్పి, అందలి సంవత్సరమును చెప్పిననే గాని ఆట ముందుకు సాగదు. సీడీల కాలములో సేఫ్‌డిస్క్, సెక్యూరామ్ అనునవి వచ్చినవి. అసలు సీడీ యంత్రములో నున్నదో లేదో అవి పరీక్షించెడివి. పిమ్మట సంస్థవారి సర్వరు నుండి ఇంటర్నెట్టు ద్వారా అనుమతి పొందవలసిన పద్ధతి బయలుదేరినది.

వీటన్నిటికిని ఒకే బలహీనత కలదు. ఆట కొన్నవాని యింట, వాని కంప్యూటరులో నడవవలెను. అనగా తాళముతోపాటు తాళపుచెవిని కూడ ఏదో రూపమున వానికి అప్పగింపక తప్పదు. వేయిమందిలో నేర్పరి యొక్కడు పరీక్ష చేయు భాగమును కనిపెట్టి తొలగించినచో చాలును. తక్కిన తొమ్మిదివందల తొంబదితొమ్మిది మందికి ఆ నేర్పుతో పనిలేదు, వారు అతని ప్రతిని తెచ్చుకొందురు. కావున ఇట్టి తాళము మొదటిసారి విరుగువరకే తాళము. విరిగిన తరువాత అది దొంగ ప్రతిలో ఉండదు. వెల యిచ్చి కొన్న ప్రతిలో మాత్రమే మిగిలియుండును.

కొన్నవానికే కష్టము

దీనికి సేఫ్‌డిస్క్ కథయే తార్కాణము. ఈ నిరోధకము పనిచేయుటకు విండోస్ వ్యవస్థలో ఒక చిన్న సహాయక ప్రోగ్రాము అవసరము. ఆ ప్రోగ్రాము వలన కంప్యూటరు భద్రతకు ముప్పు కలదని మైక్రోసాఫ్ట్ సంస్థ 2015లో విండోస్ 10 నుండి దానిని తొలగించినది. ఆ యేడే పాత విండోస్‌లలో కూడ నిలిపివేసినది. తత్ఫలితముగ ఆ తాళమున్న ఎన్నో ఆటలు, అసలు సీడీ చేతిలో నున్నను, తెరచుకొనుట మానినవి. తాళము తొలగించిన దొంగ ప్రతులకు ఈ చిక్కు లేదు. న్యాయముగ వెల చెల్లించినవాడు వాకిట నిలిచెను. చెల్లించనివాడు లోపల ఆడుకొనుచుండెను.

ఇంతకన్న వింతయైన సంగతి 2008లో జరిగినది. 'రెయిన్‌బో సిక్స్ వేగాస్ 2' ఆటను ఇంటర్నెట్టు ద్వారా కొన్నవారికి అసలు సీడీయే లేదు. క్రొత్తగా విడుదలైన సవరణ సీడీని చూపుమని కోరుటతో వారి ఆట నిలిచిపోయినది. ప్రచురణకర్త యగు యూబీసాఫ్ట్ పక్షమున ఒక పరిష్కారము వెలువడినది. పరీక్షించి చూడగా అది తాళములు విరుచు ముఠావారు చేసిన ప్రోగ్రామేనని తేలినది. తన తాళమును తెరచుటకు యజమానియే దొంగ చేసిన చెవిని తెచ్చుకొనవలసి వచ్చినదన్నమాట.

పోలెండు ప్రయోగము

సీడీ ప్రాజెక్ట్ సంస్థను మార్చిన్ ఇవిన్స్కి, మిఖావ్ కిచిన్స్కి అను మిత్రులు 1994లో స్థాపించిరి. నాటి పోలెండులో ఆటల దొంగ ప్రతులు వీధి అంగళ్లలో బాహాటముగ అమ్ముడగుచుండెను. అట్టిచోట తాళముతో పోరాడుట వ్యర్థమని గ్రహించి వారు మరియొక మార్గము త్రొక్కిరి. 1999లో 'బాల్డర్స్ గేట్' ఆటను పోలిష్ భాషలోనికి తెచ్చి, పేరున్న నటులచే మాటలు పలికించి, పటమును పుస్తకమును చేర్చి అమ్మిరి. దొంగ ప్రతి ఇయ్యలేని దానిని అసలు ప్రతి ఇచ్చినచో జనులు కొందురని వారి తలంపు. ఆ తలంపు ఫలించినది.

2008 నాటి అంగడి ఈ అనుభవమునకు కొనసాగింపు. అందు పాత ఆటల వెల 5.99 డాలర్లు, లేక 9.99 డాలర్లు. ఆటతోపాటు దాని పుస్తకము, సంగీతము మొదలగునవి ఇచ్చిరి. డాస్ కాలమునాటి ఆటలకు డాస్‌బాక్స్ అను ఉచిత ప్రోగ్రామును జతపరచిరి. ఇది నేటి కంప్యూటరులో పాత కంప్యూటరు నడవడిని అనుకరించును. కొన్నవాడు ఆటను దించుకొని తన యొద్ద భద్రపరచుకొనవచ్చును; మరల ఎవరి అనుమతియు అక్కరలేదు. ఇందు గమనింపదగినది ఒకటి కలదు. తాళము లేకుండుట ఈ పద్ధతిలో ఒక భాగము మాత్రమే. తక్కువ వెల, మరమ్మతు, సులభముగ దొరకుట అను మూడును దానితో కలిసియున్నవి. నాలుగు మందులు కలిపి యిచ్చి జ్వరము తగ్గిన తరువాత, ఒక మందుకే ఘనత కట్టబెట్టుట శాస్త్రపద్ధతి కాదు.

లెక్కల బలము ఎంత?

తాళము లేమి దొంగ ప్రతులను తగ్గించునని చెప్పువారు 2011 మే నెలలో విడుదలైన 'ది విచర్ 2' ఆటను ఉదాహరింతురు. దాని సీడీ ప్రతికి సెక్యూరామ్ తాళముండెను; ఇంటర్నెట్టు అంగడి ప్రతికి తాళము లేకుండెను. విచిత్రమేమనగా, తాళము లేని ప్రతి యుండగనే, తాళము విరిచిన సీడీ ప్రతియే దొంగలలో వ్యాపించినదని ఆ అంగడివారు చెప్పిరి. తాళము విరుచుట ఆ ముఠాలకు పందెము వంటిది. తాళము లేనిచోట గెలుపునకు తావులేదు. అయితే దీనివలన తేలునదెంత? తాళము దొంగతనమును ఆపలేదని తేలును. తాళము లేమి దొంగతనమును తగ్గించినదని తేలదు. ఆ ఆటకు 45 లక్షల దొంగ ప్రతులు చేరియుండునని ఇవిన్స్కి ఆ యేడే అంచనా చెప్పెను. ఒక సమయమున ఎందరు దించుకొనుచున్నారో, ఒక్కొక్కరికి ఎంతసేపు పట్టునో ఊహించి, గుణించి తెచ్చిన సంఖ్య అది. ఊహను ఊహతో గుణించినచో తప్పు కూడ గుణింపబడునని విద్యార్థులు మరువరాదు.

2008లో తాళము లేకుండ అమ్మబడిన 'వరల్డ్ ఆఫ్ గూ' ఆటలో దొంగ ప్రతుల వంతు సుమారు 82 శాతమని దాని నిర్మాతలే అంచనా కట్టిరి. తాళమున్న 'రికోషే ఇన్ఫినిటీ' అను ఆటకు దాని సంస్థవారు చెప్పినది 92 శాతము. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి తాళమే దోషియనుట తొందరపాటు. ఆటలు వేరు, కొనువారు వేరు. కాని తాళము తీసినంతనే కొంప మునుగునను భయమునకు కూడ ఇందు ఆధారము లేదు.

ఇంతకన్న గట్టి ఆధారములు రెండు కలవు. మొదటిది సంగీత వ్యాపారము నుండి వచ్చినది. నాలుగు పెద్ద సంస్థలు 2007కును 2009కిని నడుమ వేర్వేరు సమయములలో పాటలకు నకలు నిరోధకమును తీసివేసినవి. ఈ కాలభేదము పరిశోధనకు ఆటపట్టయినది. లారీనా జాంగ్ అను పరిశోధకురాలు వేలకొలది ఆల్బముల అమ్మకములను పోల్చి చూడగా, మొత్తముమీద అమ్మకము సుమారు 10 శాతము పెరిగినదని తేలినది. తక్కువగ అమ్ముడుపోవు ఆల్బములలో ఈ పెరుగుదల 30 శాతము; బాగుగ అమ్ముడుపోవు వాటికి చెప్పదగిన లాభము లేదు. రెండవది విలియం వోల్క్‌మన్ పరిశోధన. డెనూవో అను నేటి తాళమున్న 86 ఆటలను పరిశీలించి, 2024లో ఫలితములను ప్రకటించెను. ఆట వెలువడిన తొలివారముననే తాళము విరిగినచో రాబడి సుమారు 20 శాతము పడిపోవుచున్నది. 12 వారముల తరువాత విరిగినచో నష్టము లేనట్లే.

ఈ రెండు ఫలితములను కలిపి చదివినచో వివాదము చాలవరకు తీరును. తాళమునకు విలువ కలదు. కాని అది కాలముతో కరగిపోవు విలువ. అమ్మకములు ఉద్ధృతముగ నున్న తొలివారములలో అది ఆదాయమును కాపాడవచ్చును. నెలలు గడచిన పిమ్మట దానివలన ఆదాయమునకు ప్రయోజనము శూన్యము. కొన్నవానికి కష్టము మాత్రము నిలిచియుండును. పదేండ్లు, ఇరువదేండ్లు గడచిన ఆటకు తాళము వేసియుంచుట, దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లుండును.

అంగడివారి లోపములు

పోలెండువారి అంగడి కూడ విమర్శకు అతీతము కాదు. 2012లో అది తన పేరు కుదించుకొని క్రొత్త ఆటలను అమ్మనారంభించినది. అప్పటి నుండి మాట నిలుపుకొనుట కష్టతరమైనది. 2021లో 'హిట్‌మన్' ఆటను అమ్మకమునకు పెట్టగా, అందలి కొన్ని ముఖ్యభాగములు ఇంటర్నెట్టు సంబంధము లేనిదే తెరచుకొనవని కొన్నవారు నిరసించిరి. కొద్ది వారములలోనే ఆ ఆటను అంగడి నుండి తీసివేసిరి. తాళము పేరు మార్చుకొని వచ్చినను తాళమే. "తాళము లేదు" అను వాక్యమును వ్యాపారపు ప్రకటనగా గాక, ఆటలో ప్రతి భాగమునకును వర్తించు ప్రమాణముగ చూడవలెనని ఈ సంఘటన తెలుపుచున్నది.

పోవునది ఏమి?

ఈ చర్చ లాభనష్టములతో ముగియునది కాదు. అమెరికాలో 2010కి పూర్వము వెలువడిన ఆటలలో 87 శాతము అంగడిలో దొరకుట లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించినది. న్యాయముగ కొనుటకు దారి లేనప్పుడు దొంగ ప్రతి యొక్కటే ప్రతియగును. తాళము తెరచు సర్వరు మూతపడినను, తాళమును గుర్తించు వ్యవస్థ మారినను, వెల యిచ్చి కొన్న కృతి కూడ మూగవోవును. తాటాకు గ్రంథము నిలుచుటకు తిరిగి తిరిగి నకలు వ్రాయుటయే కారణము. నకలును పూర్తిగ నిషేధించిన కృతికి ఆయువు తక్కువ.

అయినను తాళము లేకుండుట దొంగిలించుటకు అనుమతి కాదు. నిర్మాత హక్కు తాళములో లేదు, చట్టములో కలదు. తాళము తీసిన వర్తకుడు కొనువాని మీద నమ్మకము నుంచుచున్నాడు. ఆ నమ్మకమును నిలుపు భారము కొనువానిది. ఆ నమ్మకము దొంగతనమును రూపుమాపినదని చెప్పుటకు ఆధారము చాలదు. పాత ఆటల విషయమున అది ఎవరికిని నష్టము కలిగించినట్లు కూడ కనబడదు. వెల యిచ్చినవాడు దొంగకన్న హీనముగ చూడబడు అన్యాయమును మాత్రము అది నిశ్చయముగ తొలగించినది.