మూడవ చోటు: ఎస్తేర్ డేవిడ్ నవలలలో యూదు జీవనం

యూరపు యూదు సాహిత్యంలో అధికభాగానికి వేట, బహిష్కారం, మారణహోమం మూలధాతువులు. భారతదేశపు బెనె ఇజ్రాయెల్ యూదుల చరిత్రలో అవి లేవు. కొంకణ తీరాన అలీబాగ్ సమీపంలో ఓడ పగిలినప్పుడు బ్రతికి బయటపడిన ఏడు జంటల సంతతి తామని వారి ఐతిహ్యం. ఆ తీరగ్రామాలలో వారు గానుగ ఆడించి జీవించారు. శనివారం గానుగ కట్టేవారు కారు గనుక ఇరుగుపొరుగువారు వారిని ‘శనివార్ తేలీ’లు అన్నారు, అనగా శనివారం పని మానే తెలికలవారు. ఆ పేరులో ద్వేషం లేదు. పొరుగువాని అలవాటును గమనించి, దానిని మన్నించిన చూపు మాత్రమే ఉన్నది.

అయితే ఆ పొరుగే రెండుగా చీలినప్పుడు, ఏ పక్షానికీ చెందనివాడు ఎక్కడ నిలబడవలెను? ఎస్తేర్ డేవిడ్ ఆంగ్లంలో వ్రాసిన నవలలకు ప్రాణం ఈ ప్రశ్నయే.

ఆమెకు పూర్వం ఇదే సమాజంలో పుట్టిన బొంబాయి కవి నిస్సీమ్ ఎజికీల్ (1924-2004) దీనిని వ్యక్తి సమస్యగా చూచారు. బడిలో పరమతస్థుల నడుమ ఒంటరిగా మెలగిన యూదు బాలుణ్ణి ఆయన కవితలో చిత్రించి, చివరకు తాను పుట్టిన చోటనే ఉండుటకు నిశ్చయించుకున్నారు. ఆ నిశ్చయం గంభీరమైనదే. కాని అది ఒక మనిషి చేసుకొనగల నిర్ణయం; ఒక కుటుంబం, ఒక వీధి అంత సులభంగా చేసుకొనలేవు. 1945లో అహమ్మదాబాదులో జన్మించిన ఎస్తేర్ డేవిడ్ ఆ సమస్యను కవి ఆత్మ నుండి ఇంటి వసారాలోకి తెచ్చారు. 1997లో వెలువడిన ‘ది వాల్డ్ సిటీ’లో అహమ్మదాబాదు పాత నగరపు యూదు కుటుంబంలోని మూడు తరాల స్త్రీల జీవితం ఉన్నది. చుట్టుపక్కలవారి వేషభాషలు, వేడుకలు పిల్లలను ఆకర్షిస్తవి. ఇంటి నియమం వెనుకకు లాగుతుంది. ఈ లాగుడులో ఏ ఒక్క పక్షమూ దోషి కాదు.

2007 నాటి ‘షాలోమ్ ఇండియా హౌసింగ్ సొసైటీ’కి వచ్చేసరికి ఆ సౌమ్యత చెదిరిపోతుంది. దీని వెనుక 2002 గుజరాత్ అల్లర్లు ఉన్నవి. యూదునికి సున్తీ దేవునితో చేసుకున్న నిబంధనకు గురుతు. అల్లరిమూకకు అదే మరొక మతానికి సాక్ష్యం. మనిషిని ఒక్క గురుతుతో తేల్చివేసే కాలంలో తానెవరో చెప్పుకొనే వ్యవధి కూడ మిగలదు. ఆ భయంతో యూదులు తమకంటూ ఒక గృహసముదాయం నిర్మించుకుంటారు. అది క్షేమమే, కాని ఎవరి పేట వారిదిగా చీలిన నగరం కోరినదీ అదే. రచయిత్రి ఈ వైపరీత్యాన్ని గుర్తించారు గాని దానిని తుదిముట్ట తరచలేదు. ఒక్కొక్క ఇంటి కథను విడివిడిగా చెప్పే పద్ధతి వల్ల పాత్రలు పెరిగినవి, లోతు తగ్గినది. హాస్యం భయాన్ని పలుచబరచిన చోట్లు కూడ ఉన్నవి.

ఆమె ప్రతిభ పూర్తిగా ఫలించినది అంతకు ముందటి సంవత్సరం వచ్చిన ‘బుక్ ఆఫ్ రేచెల్’లో. దీనికి 2010లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది. పిల్లలు ఇజ్రాయెల్‌లో స్థిరపడగా, రేచెల్ అనే వృద్ధురాలు కొంకణ తీరంలోని దండా గ్రామంలో ఒంటరిగా ఉంటూ పాత సమాజమందిరాన్ని కనిపెట్టుకొని ఉంటుంది. ఆ స్థలాన్ని అమ్మివేయ జూచేవారితో పోరాడుతుంది. ప్రతి అధ్యాయానికి ముందు ఒక వంటకం ఉన్నది. దీనిని అలంకారమని త్రోసివేయరాదు. మాంసాన్ని పాలతో కలపరాదని మోషే ధర్మశాస్త్రాన్ని అనుసరించే యూదుల నియమం. కొంకణపు యూదు స్త్రీ ఆవుపాలు మాని కొబ్బరిపాలు పోసి కూర వండినది. శాసనం చెడలేదు, ఊరి రుచీ పోలేదు. ఏలీయా ప్రవక్త పేరిట అటుకులు, కొబ్బరి, పండ్లు కలిపి పెట్టే ‘మలీదా’ కూడ ఇటువంటిదే. రెండు విశ్వాసాల మధ్య ఒకదానిని ఎన్నుకొమ్మని ఒత్తిడి చేసే లోకానికి ఈ వంటయిల్లు ఇచ్చే సమాధానం ఏ ప్రసంగం కంటెను బలమైనది.

వలస పోయినవారికి మాత్రం అక్కడ ప్రశ్న తీరినదా? ఇజ్రాయెల్‌లో కొందరు మతాధికారులు బెనె ఇజ్రాయెల్ వారి యూదుత్వాన్నే వివాహ విషయంలో శంకించారు. నిరసనల పిదప 1964లో ఆ దేశపు పార్లమెంటు వారు అన్ని విధాల యూదులేనని ప్రకటించవలసి వచ్చినది. ఇక్కడ స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఇరవై వేలకు పైబడి ఉన్న యూదులు ఇప్పుడు కొన్ని వేలకు తగ్గినారు. మహారాష్ట్ర 2016లోను, గుజరాత్ 2018లోను వారిని అల్పసంఖ్యాకులుగా గుర్తించినవి. గుర్తింపు అవసరమే, కాని అది లెక్కించగలదే గాని మనుషులను మరలించలేదు.

యూదుల సామూహిక ప్రార్థనకు సంప్రదాయం ప్రకారం పదిమంది వయోజన పురుషులు కావలెను. స్త్రీయై, ఒంటరియై, రేచెల్ ఆ లెక్కలోనికే రాదు. ఆమె మందిరాన్ని శుభ్రపరుస్తుంది, దీపం పెడుతుంది. సమాజం నిలుస్తుందని రచయిత్రి ఎక్కడా మాట ఇవ్వలేదు. లెక్కకు రాని మనిషి చేసే పనిలోనే సమాజం మిగిలి ఉన్నదని మాత్రం చూపించారు. అందుచేతనే ఈ నవల ఒక చిన్న సమాజపు కథగా ముగిసిపోక, చీలిన ప్రతి ఊరికీ వర్తిస్తున్నది.