నివేదికలో లేని లెక్క: ‘యజ్ఞం’ కథ, భావనపాడు తీరం

స్థానిక సంస్థ తన లక్ష్యాలనూ చేసిన పనులనూ ప్రజలకు చెప్పుకోవడాన్ని పాలనాశాస్త్రానికి చెందిన విషయంగానే చూడడం మనకు అలవాటు. నిజానికి అది కథనం కూడా. చెప్పేవారెవరు, వినేవారెవరు, ఏ లెక్క మరుగున పడింది అన్న ప్రశ్నలు కథకు ఎంత అవసరమో పంచాయతీ నివేదికకూ అంతే అవసరం.

ఈ దృష్టితో చదివితే కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ (1964) కొత్తగా కనిపిస్తుంది. విమర్శకుల చర్చ ఎక్కువగా ముగింపులోని శిశుహత్య చుట్టూనే తిరిగింది. సుందరపాలెం సభ మీద అంత దృష్టి పడలేదు. ప్రెసిడెంటు శ్రీరాములునాయుడు దుర్మార్గుడు కాడు. ఊరి అభివృద్ధికి పాటుపడినవాడు. అతని పాలనకు నివేదిక రాస్తే అందులో అబద్ధం ఉండదు. అయినా ఊరు బాగుపడిన కాలంలోనే అప్పల్రాముడు అప్పులపాలయ్యాడు. ఊరి పద్దులో లాభంగా కనిపించేది ఒక ఇంటి పద్దులో నష్టంగా ఎలా తేలిందన్నదే కథ అడిగే ప్రశ్న. సభ మాత్రం బాకీ తీర్పు దగ్గరే ఆగిపోతుంది.

1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 6వ సెక్షన్ ప్రకారం వార్షిక జమాఖర్చులు, ఆడిట్ నివేదిక, గత సంవత్సరపు పాలనా నివేదిక, చేపట్టబోయే పనులు, కొత్త పన్నుల ప్రతిపాదనలు గ్రామసభ ముందుంచాలి. సభ చేసే సూచనలను పంచాయతీ ‘తగిన విధంగా పరిశీలించాలి’. చట్టం పట్టు సడలేది ఈ మాట దగ్గరే. సూచనను తోసిపుచ్చితే కారణం చెప్పవలసిన బాధ్యత ఆ మాటలో ఇమడదు.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. ఆ సంఖ్య రికార్డుగా ప్రచారమైంది. మందకొడిగా ఉన్న వ్యవస్థలో కదలిక తెచ్చిన మేలును కాదనలేం. అయితే ఎన్ని ప్రశ్నలకు జవాబు దొరికిందన్నది అలా ప్రచారానికెక్కే సంఖ్య కాదు.

సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు దగ్గర చిక్కు మరింత లోతైనది. 2015 నుంచి ఓడరేవు భూసేకరణపై ఇక్కడి గ్రామాల్లో ఆందోళనలు సాగాయి. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన మూలపేట పేరుతో జరిగింది. (దస్త్రాలు వెదికే పరిశోధకులు రెండు పేర్లనూ గుర్తుంచుకోవాలి.) ఊరి బతుకును అన్నిటికన్నా ఎక్కువగా మార్చే ఈ లక్ష్యం పంచాయతీది కాదు, రాష్ట్ర ప్రభుత్వానిది. అందుకని పంచాయతీ పాలనా నివేదిక ఎంత నిజాయితీగా ఉన్నా వీధిదీపాలు, కాలువలు, మంచినీటి దగ్గరే ఆగుతుంది. సామాజిక ప్రభావ అంచనాను స్థానిక భాషలో పంచాయతీకి అందజేయాలని 2013 భూసేకరణ చట్టం చెప్పింది. కొన్ని రకాల ప్రాజెక్టులను ఆ అంచనా నుంచే మినహాయించే వీలును 2018 నాటి రాష్ట్ర సవరణ కల్పించింది.

సుందరపాలెంలో ప్రెసిడెంటు ఎదురుగా ఉన్నాడు కనుక అప్పల్రాముడికి అడగడానికి ఒక మనిషైనా ఉన్నాడు. వలలు ఎక్కడ ఆరబెట్టుకోవాలని భావనపాడు మత్స్యకారుడు గ్రామసభలో లేచి అడిగితే, ఆ లక్ష్యాన్ని నిర్ణయించినవారు ఆ వేదికపై ఉండరు. కార్యదర్శి ఆ ప్రశ్నను మినిట్స్ పుస్తకంలో రాసుకోగలడు. దానికి బదులు చెప్పే అధికారం మాత్రం అతనికి లేదు.