ఈస్ట్ పేరు చెప్పిన సీసా

విస్కీ గురించి రాసేవాళ్ళు పీపా చెక్క మీద పేజీలకు పేజీలు రాస్తారు. ఈస్ట్ దగ్గరికొచ్చేసరికి ఒక్క వాక్యం. స్కాచ్ మాల్ట్‌లో పడేవి బార్లీ, నీళ్ళు, ఈస్ట్, అంతే. గ్లాసులో తగిలే అరటిపండు వాసన, ఐసోఅమైల్ అసిటేట్, ఎక్కువగా ఈస్ట్ చలవే. అయినా చాలా డిస్టిలరీలు దశాబ్దాలపాటు దిగుబడే చూసుకుని ఒకటి రెండు రకాలతో లాగించేశాయి.

2019లో గ్లెన్‌మోరంజీ 'ఆల్టా' తెచ్చింది. గేలిక్‌లో అడవిది అని అర్థం. పక్కనున్న క్యాడ్‌బోల్ పొలాల బార్లీ మీద దొరికిన ఈస్ట్‌తో పులియబెట్టారు. ఆలోచన బాగుంది. కానీ వేరుచేసి, పెంచి, పేరు పెట్టాక కూడా దాన్ని అడవిది అనడం నాకు మింగుడుపడలేదు.

మన దగ్గర ఈస్ట్ తెలియక కాదు. మేడ్చల్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్-బి టీకా పికియా పాస్టోరిస్ అనే ఈస్ట్‌లో తయారైందే. లాల్‌గడి మలక్‌పేట్ ఉన్నది కూడా జీనోమ్ వ్యాలీలోనే.

ఇక కల్లు లొట్టిలో ఈస్ట్ ఎవరూ వెయ్యరు. గాలిలోంచి, నిన్నటి లొట్టి గోడల్లోంచి అదే వస్తుంది. పొద్దాటి కల్లు తియ్యన, ఎండెక్కాక పులుపు. అల్ప్రజోలం కల్తీ కేసులొచ్చాక మాత్రం కల్లంటే వార్తల్లో మత్తు ఒక్కటే మిగిలింది, రుచి పోయింది. ఏ చెట్టు, ఏ పూట, దించి ఎన్ని గంటలైంది అని ఒక్క లొట్టి గురించి ఆల్టాకి రాసినంత శ్రద్ధగా రాసిన తెలుగు వాక్యం నాకింకా కనపడలేదు.