సముద్రం మీద బెంగ: ఎటునుంచి ఎటు పలాయనం?

ఒక కవితను చాలా ఏళ్లపాటు తప్పుగా చదివాను. అంతకంటె ముఖ్యంగా, అలాగే చదవమని ఇతరులకు చెప్పాను. ఆ తప్పును విడమరిచి చూసుకోవడం నాకొక్కడికే కాక మన విమర్శకు కూడా అవసరమనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను.

కవిత జాన్ మేస్‌ఫీల్డ్ రాసిన ‘సీ ఫీవర్’. 1902లో వెలువడిన అతని తొలి సంపుటి ‘సాల్ట్ వాటర్ బాలడ్స్’లో ఉంది. మూడు చరణాలు, పన్నెండు పాదాలు. ఒడ్డున ఉన్న మనిషికి మళ్లీ సముద్రం మీదికి పోవాలనే బెంగ పట్టుకుంది. ఆ బెంగ జ్వరంలాంటిది. కవిత అంతా అదే. మన దేశంలో ఇంగ్లీషు వాచకాలు చదువుకున్న చాలామందికి ఇది బడిలోనే పరిచయం. గైడ్లలో దీనికి ఇచ్చే అర్థం కూడా అందరికీ తెలిసిందే: కవికి ప్రకృతి మీద ప్రేమ, సాహసం మీద మక్కువ, చివరి పాదంలో మరణానంతర శాంతి. ఈ అర్థానికి విరుగుడుగా మనవాళ్లలో మరో అర్థం ప్రచారంలో ఉంది: ఇది పలాయనవాదం. సమాజం నుంచి, మనుషుల నుంచి, సమస్యల నుంచి నీలి సముద్రంలోకి పారిపోవడం. మన భావకవులు వెన్నెలలోకి పారిపోయారు, ఇతడు అలలలోకి పారిపోయాడు. నేను ఈ రెండో పక్షం వాణ్ణి.

కొన్నేళ్ల కిందట విశాఖపట్నంలో ఒక అధ్యయన తరగతిలో ఇదే చెప్పాను. చెప్పడం పూర్తయ్యాక ఒక డిగ్రీ విద్యార్థి లేచాడు. అతని తండ్రి మర బోటు మీద కళాసీ.

“మాస్టారూ, వేట నిషేధం ఉన్న అరవై ఒక్క రోజులూ మా నాన్న ఇంట్లోనే ఉంటాడు. మొదటి వారం నిద్రపోతాడు. తర్వాత రోజూ తెల్లారకుండానే రేవుకి పోయి, కట్టేసిన బోటెక్కి కాసేపు కూర్చుని వస్తాడు. వేటలో ఉన్నన్నాళ్లూ బోటు యజమానిని తిడతాడు. ఒడ్డుకొస్తే సముద్రం, సముద్రం అంటాడు. మీరు పలాయనం అంటున్నారు. మా నాన్న ఎటునుంచి ఎటు పారిపోతున్నట్టండీ?”

నేనేదో జవాబు చెప్పాను. భ్రమ, చైతన్యం, అలవాటు వంటి మాటలు వాడినట్టు గుర్తు. కుర్రవాడు మర్యాదగా కూర్చున్నాడు. కాని ఆ ప్రశ్న నాతో ఇంటికి వచ్చింది. కవితను మళ్లీ తీసి, ఈసారి కవి బతుకు పక్కన పెట్టుకుని చదివాను.

మేస్‌ఫీల్డ్ 1878లో ఇంగ్లండులోని లెడ్‌బరీలో పుట్టాడు. అది సముద్రానికి దూరంగా ఉండే ఊరు. చిన్నతనంలోనే తల్లి పోయింది, తర్వాత తండ్రీ పోయాడు. పదమూడేళ్ల వయసులో, 1891లో, అతన్ని లివర్‌పూల్ దగ్గర లంగరు వేసి ఉన్న ‘కాన్వే’ అనే శిక్షణ నౌకలో చేర్చారు. 1894లో ‘గిల్‌క్రక్స్’ అనే తెరచాప ఓడలో కేప్ హార్న్ చుట్టి, నైట్రేటు ఎగుమతి చేసే చిలీ రేవు ఇకీకేకి వెళ్లాడు. అక్కడ జబ్బుపడ్డాడు. వాల్పరైసో ఆసుపత్రిలో ఉండి, చివరికి నావికుడిగా కాక రోగిగా ఇంటికి చేరాడు. పెద్దలు మళ్లీ ఓడ ఎక్కమన్నారు. 1895లో న్యూయార్క్ చేరి, ఆ ఓడ పనిని వదిలేసి పారిపోయాడు. ఓడ విడిచిపోవడం ఆనాటి చట్టం ప్రకారం నేరం. దొరికిన పనల్లా చేశాడు. మద్యం దుకాణంలో పనిచేశాడు. యాంకర్స్ పట్టణంలో తివాచీల మిల్లులో రెండేళ్లు కూలి చేశాడు. ఆ కూలి డబ్బులతోనే పుస్తకాలు కొనుక్కుని చాసర్‌నీ, కీట్స్‌నీ, షెల్లీనీ చదివాడు. 1897లో ఇంగ్లండు తిరిగివచ్చి లండన్‌లో బ్యాంకు గుమాస్తా అయ్యాడు. ‘సాల్ట్ వాటర్ బాలడ్స్’ వెలువడేనాటికి అతనికి ఇరవై నాలుగేళ్లు.

అంటే పలాయనం జరిగిన మాట నిజమే. కాని అది సముద్రం నుంచి ఒడ్డుకు జరిగింది! బెంగ మాత్రం దానికి ఎదురు దిక్కున నడిచింది. సముద్రాన్ని ఒడ్డున నిలబడి చూసి మురిసినవాడు రాసిన కవిత కాదిది. ఆ పని చేసి, ఆ పనిలో విరిగి, పారిపోయినవాడు రాసింది. మొదటి పాదంలోనే ‘మళ్లీ’ అనే మాట ఉంది. నేను ఇన్నాళ్లూ దాని మీద దృష్టి పెట్టలేదు. మరో విశేషం: 1902 నాటి తొలి ముద్రణలో మొదటి పాదాల్లో ‘పోవాలి’ అనే అర్థమిచ్చే క్రియ లేనే లేదు. తర్వాతి ముద్రణల్లో వచ్చి చేరింది. క్రియ చెప్పుకునే ఓపిక కూడా లేనంత తొందర ఆ మొదటి రూపంలో వినిపిస్తుంది.

ఇక అతను అడుగుతున్నదేమిటి? ప్రకృతి దృశ్యమా? మొదటి చరణం చూడండి. పొడవైన ఓడ కావాలి. కాని నక్షత్రం అందం కోసం కాదు, దారి పట్టడం కోసం. చుక్కాని చక్రం చేతిలో ఎదురు తన్నాలి. గాలి పాడాలి, తెరచాప అదరాలి. ఇవన్నీ పనిమంతుడి అరచేతికీ చెవికీ తెలిసే సంగతులు. ప్రయాణికుడు చక్రం ముట్టుకోడు. అతనికి చక్రం తన్నడమంటే ఏమిటో తెలియదు. ఈ కవితలో సముద్రం చూడవలసిన వస్తువు కాదు, పట్టి నడపవలసిన వస్తువు. నేను ప్రకృతి వర్ణన అనుకున్నది నిజానికి నైపుణ్య వర్ణన.

చివరి పాదం ఇంకా ముఖ్యమైనది. దీర్ఘమైన ‘ట్రిక్’ ముగిశాక ప్రశాంతమైన నిద్ర, తీయని కల కావాలంటాడు. ఆ మాటకు మనకు తెలిసిన అర్థం మాయ, గారడీ. అందుకే గైడ్లు జీవితమనే మాయ ముగియడం అని వేదాంతం చెబుతాయి. కాని నావికుల భాషలో ‘ట్రిక్’ అంటే చుక్కాని దగ్గర నిలబడవలసిన వంతు. మామూలుగా రెండు గంటలు. తెరచాప ఓడల్లో సిబ్బందిని రెండు జట్లు చేసి, నాలుగు గంటల పని, నాలుగు గంటల విరామం చొప్పున రాత్రింబవళ్లు తిప్పేవారు. తుఫాను వస్తే ఆ విరామమూ ఉండేది కాదు, అందరూ పైకెక్కవలసిందే. నెలల తరబడి సాగే ప్రయాణంలో ఆ మనిషికి నిండా ఒక రాత్రి నిద్ర ఉండదు. అలాంటివాడు కోరే ప్రశాంతమైన నిద్రను నేరుగా మరణానికి ప్రతీక చేయడం, ఆకలిగొన్నవాడు అన్నం అంటే బ్రహ్మం అని వ్యాఖ్యానించడం లాంటిది. మరణం అర్థం అందులో లేదనను. కాని మొదటి అర్థం నిద్రే. ‘మొదటి వారం నిద్రపోతాడు’ అన్న ఆ కుర్రవాడి మాట వినకపోతే నాకిది తట్టేది కాదు.

శ్రామికుడు పనిలో ఉన్నప్పుడు తనకు తాను పరాయివాడవుతాడని, పని లేనప్పుడే తనవాడవుతాడని మార్క్స్ 1844 రాతప్రతుల్లో వివరించాడు. ఈ కవిత దానికి ఎదురు చెబుతున్నట్టు కనిపిస్తుంది. ఇక్కడ మనిషి విరామంలో పరాయివాడై పనికోసం అలమటిస్తున్నాడు. నిజానికి ఎదురు చెప్పడం లేదు. అతను కోరుతున్నది తాను చేసిన పనిని కాదు. ఆ పనిలోంచి యజమానిని, కెప్టెన్‌ను, జీతాన్ని, చట్టాన్ని తీసివేయగా మిగిలిన పనిని. చక్రం అతని చేతిలోనే ఉంది. దారి అతనే పట్టుకుంటాడు. వంతు ముగిశాక నిద్రపోతాడు. పరాయీకరణ లేని శ్రమ ఎలా ఉంటుందో ఊహించడానికి అతనికి దొరికిన బొమ్మ ఇది. క్రిస్టఫర్ కాడ్వెల్ ‘ఇల్యూజన్ అండ్ రియాలిటీ’లో కవిత్వపు భ్రమ మనిషిని శ్రమ నుంచి తప్పించదని, శ్రమవైపు నడిపిస్తుందని వాదించాడు. ఆ గ్రంథాన్ని మనం తరచు పేర్కొంటాం. దాన్ని ఈ కవితకు అన్వయించాలని మాత్రం నాకు తోచలేదు.

అయితే దీన్ని అభ్యుదయ కవిత అని చేతులు దులుపుకుందామా? అది మరో రకం సోమరితనం. ఈ ఓడలో ఎవరు లేరో కూడా చూడాలి. తెరచాప ఓడ నడవడానికి పదుల మంది కావాలి. తాళ్లు లాగడానికి అందరి బలం ఒక్కసారి కలవాలి. అందుకోసమే ఇంగ్లీషు నావికులకు షాంటీ పాటలు పుట్టాయి, మన వల లాగేవాళ్లకు ‘హైలెస్సా’ పుట్టింది. ఈ కవితలో ఆ జట్టు లేదు. కబుర్లు చెప్పే ఒక్క తోటి సంచారి తప్ప మరో మనిషి లేడు. పై చట్రంలోంచి యజమాని మాయమైనప్పుడు అతనితోబాటు తోటి పనివాళ్లు కూడా మాయమయ్యారు. ఓడలో సరుకు కూడా లేదు. సరుకు లేని వాణిజ్య నౌక ప్రపంచంలో ఎక్కడుంది? పైగా ఆనాటికే బ్రిటిష్ వాణిజ్య నౌకల్లో ఆవిరి ఓడలదే పైచేయి. ఆ ఓడల అడుగున బొగ్గు ఎగదోసే పనిలో మన దేశపు లష్కర్లు ఉన్నారు. తెల్ల నావికుడి జీతంలో కొంత భాగమే వాళ్ల జీతం. వాళ్ల చేతికి చక్రమూ లేదు, కంటికి నక్షత్రమూ లేదు. ఈ ఖాళీల వల్లనే కవిత సామ్రాజ్యపు బడి వాచకాల్లో అంత సుఖంగా ఇమిడిపోయింది.

ఈ ఖాళీలు కవికి తెలియనివి కావు. అదే సంపుటి మొదట ఉన్న ‘ఎ కాన్సెక్రేషన్’లో తన పాట రాజులకూ సేనానులకూ కాదని, బరువులు మోసేవాళ్లకూ నావికులకూ కొలిమి ముందు మాడేవాళ్లకూ అని ప్రకటించాడు. అది చదివితే మనకు శ్రీశ్రీ ‘ప్రతిజ్ఞ’ గుర్తుకు రాక మానదు. మరుసటి ఏడాది ‘కార్గోస్’లో ప్రాచీన నౌకల పక్కన బొగ్గు, పట్టాలు, చవక సామాను మోసే మురికి బ్రిటిష్ ఓడను నిలబెట్టాడు. 1912లో ‘డాబర్’ అనే దీర్ఘ కవితలో, బొమ్మలు గీసే ఒక నావికుణ్ణి జట్టులోని వాళ్లే ఎలా వేధించారో, పైనుంచి పడి అతనెలా చచ్చిపోయాడో చెప్పాడు. 1930లో ఆస్థానకవి అయ్యాడు, 1967లో చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నాడు. వాచకాలు మాత్రం పన్నెండు పాదాల బెంగనే ఎక్కువగా ఎంచుకున్నాయి. ఏది ఎంచుకున్నారన్నది కూడా వర్గ ప్రశ్నే.

నా పొరపాటు ఎక్కడుందో ఇప్పుడు చెప్పగలను. బెంగ కనిపించగానే పలాయనం అని ముద్ర వేశాను. ఆ మనిషి ఏ పని నుంచి వచ్చాడు, ఏ పనికోసం బెంగపడుతున్నాడు, ఆ బొమ్మలోంచి ఎవరిని తీసేశాడు అని అడగలేదు. ఈ మూడు ప్రశ్నలూ అడిగితే వెన్నెలకోసం బెంగపడే భావకవీ, చుక్కాని చక్రం కోసం బెంగపడే నావికుడూ ఒకటి కారని తెలుస్తుంది. మన యువ రచయితలకు కూడా నేను చెప్పదలచుకున్నది ఇదే. శ్రామికుడి గురించి రాసేటప్పుడు అతని చెమట గురించి, ఆకలి గురించి రాస్తున్నాం, రాయాలి. కాని తన పని తన చేతికి ఎంత బాగా తెలుసో, ఆ పని మీద అతనికి ఎంత మమకారమో చాలా అరుదుగా రాస్తున్నాం. ఆ మమకారం ఉండబట్టే దోపిడీ అంతగా నొప్పిస్తుంది.

ఆ విద్యార్థి మళ్లీ కలిస్తే జవాబు చెప్పాలని ఉంది. మీ నాన్న పారిపోవడం లేదయ్యా. కట్టేసిన బోటులో యజమాని లేని ఆ కాసేపు, అది తన బోటే అన్నట్టు కూర్చుని వస్తున్నాడు.