పడనిచ్చి నిలబెట్టే భాష

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజున తెనాలి నుంచి రేపల్లెలోని అమ్మకు వాట్సాప్‌లో మెసేజ్ పెడితే, అక్కడ సిగ్నల్ లేనంతసేపూ ఒక్క టిక్కే కనిపిస్తుంది. సిగ్నల్ రాగానే రెండోది పడుతుంది. ఈలోగా ఆ మెసేజ్‌ని భద్రంగా అట్టేపెట్టే సర్వర్ ప్రోగ్రాములు ఎర్లాంగ్ అనే ఫంక్షనల్ భాషలో రాసినవి. ఫంక్షనల్ భాషల్లో ఏది నేర్చుకుంటే పనికొస్తుందని అడిగే మన ఇంజనీరింగ్ పిల్లలకు ముందుగా చూపించాల్సింది దీన్నే.

1986లో స్వీడన్‌లోని ఎరిక్సన్ కంపెనీలో జో ఆర్మ్‌స్ట్రాంగ్ దీన్ని మొదలుపెట్టాడు. రాబర్ట్ విర్డింగ్, మైక్ విలియమ్స్ తోడయ్యారు. వాళ్ళ ముందున్నది టెలిఫోన్ ఎక్స్ఛేంజి. వేల కాల్స్ ఒకేసారి నడవాలి. ఒకటి చెడితే పక్కది తెగకూడదు. ప్రోగ్రాం మార్చాలన్నా ఎక్స్ఛేంజి ఆపకూడదు.

అందుకే కాల్‌కో చిన్న ప్రాసెస్. పుట్టినప్పుడు దానికి రెండు మూడు కిలోబైట్ల మెమరీ చాలు. ఒకే యంత్రంలో లక్షల ప్రాసెస్‌లు ఉండొచ్చు. దేని మెమరీ దానిదే. ఒకదాని డేటాలో ఇంకొకటి వేలు పెట్టలేదు, మెసేజ్ పంపుకోవాల్సిందే. వాడేసిన మెమరీని ఊడ్చుకోవడం కూడా ఎవరికి వారే, కాబట్టి ఆ పనికోసం యంత్రమంతా ఒక్కసారి ఆగిపోదు. ఏ ప్రాసెస్ అయినా తన వంతు పని కాగానే పక్కకు జరిగి ఇంకొకదానికి చోటివ్వాలి. వీటన్నిటికంటే నాకు ముచ్చటేసేది సూపర్‌వైజర్. అది కూలీల మీద మేస్త్రీ లాంటిది. తాను పలుగు పట్టదు, కనిపెట్టుకుని ఉంటుంది. ఒక ప్రాసెస్ కూలితే దాని స్థానంలో కొత్తదాన్ని మొదటి నుంచి నడిపిస్తుంది. పదే పదే కూలుతుంటే తానూ తప్పుకుని సంగతి తన పై సూపర్‌వైజర్‌కి వదిలేస్తుంది. ప్రతి పొరపాటునూ ముందే ఊహించి అతుకులు వేసే బదులు, పడనిచ్చి మళ్ళీ నిలబెట్టడం! ఇంత ధైర్యమైన ఆలోచనను ఇంత నిండుగా అమలుచేసిన భాష మరొకటి నాకు కనిపించలేదు.

ఫలితం చూడండి. 2012లో వాట్సాప్ ఒక్క సర్వర్ మీద 20 లక్షల కనెక్షన్లు నిలిపింది. 2014లో ఫేస్‌బుక్ కొనేనాటికి 45 కోట్ల మంది వాడుకరులకు ఇంజనీర్లు 32 మందే.

అన్నిటికీ ఇదే మందు కాదు. భారీ లెక్కల దగ్గర ఎర్లాంగ్ నెమ్మది. టైపుల తప్పులు కంపైలర్ దగ్గరే పట్టుబడాలంటే హాస్కెల్‌గానీ ఓకామ్ల్‌గానీ మేలు. బెంగళూరు ఆటోల యాప్ నమ్మ యాత్రి సర్వర్ కోడు హాస్కెల్‌దే. ఎర్లాంగ్ రాత తీరు కొత్తగా అనిపిస్తే అదే యంత్రాంగం మీద నడిచే ఎలిక్సిర్ ఉంది. అయినా ఆగకూడని సేవ కట్టాలంటే నా ఓటు ఎర్లాంగ్ కుటుంబానికే.

1998 డిసెంబరు నుంచి దీని సోర్స్ అందరికీ ఉచితం. సూపర్‌వైజర్ కూడా ఎర్లాంగ్‌లోనే రాసి ఉంది. బాపట్ల, తెనాలి, రేపల్లె విద్యార్థులు ముందు ఆ ఒక్క ఫైలు తెరిచి, నిదానంగా, చివరిదాకా చదవండి.